ముసలి మర్రికి ఊపిరాడటం లేదు

2017 డిసెంబరులో మహబూబ్‌నగర్‌ పిల్లలమర్రి పెద్ద కొమ్మ ఒకటి విరిగి నేలకూలింది. విరిగినచోట చూస్తే లోపలంతా చెద. పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, మూడెకరాలకు పైగా పరుచుకున్న ఈ మర్రికి ఏడువందల ఏళ్లుంటాయని జిల్లావాళ్లు చెబుతారు. కాకతీయుల గుళ్లున్న సూర్యాపేట పిల్లలమర్రి వేరు, ఇది వేరు. కొమ్మ పడిన కొద్దిరోజులకే గేటు మూసేసి సందర్శకులను లోపలికి రానివ్వడం మానేశారు.

నాలుగు నెలలు తిరిగేసరికి అదే చెట్టు ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆస్పత్రి మంచం పక్కన వేలాడే సెలైన్ సీసాలు వందల సంఖ్యలో కొమ్మలకు వేలాడుతున్నాయి. వాటిలో ఉన్నది సెలైన్ కాదు, నీళ్లలో కలిపిన క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు. మొదట మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే అది నిలవకుండా బయటికి కారిపోయింది. చుక్కచుక్కగా దింపితే కర్ర పీల్చుకుంటుందని అటవీశాఖవాళ్లకు తట్టింది. సుమారు రెండు మీటర్లకొకటి చొప్పున సీసాలు కట్టారు. క్లోరిపైరిఫాస్ చెట్టు రసంతో కలిసి ఆకుదాకా ప్రయాణించే మందు కాదు, తగిలినచోట తగిలిన పురుగును చంపుతుంది. అందుకే ఒకటి రెండు సీసాలతో పని కాలేదు.

ఆ ఫొటో చూసి కొందరు నవ్వుకున్నారు, చాలామంది కళ్లు తుడుచుకున్నారు. చెట్టుకు కూడా మనిషికి చేసినట్టే వైద్యం చేస్తున్నారన్న వార్తను జనం ముచ్చటపడి చదివారు. అదే సమయంలో కొమ్మల కింద ఆనుగా కాంక్రీటు దిమ్మెలు లేచాయి, వేళ్ల దగ్గర ఎరువు పడింది, మనుషుల రాకపోకలు ఆగాయి. వాటిని ఎవరూ ఫొటో తీయలేదు. నా లెక్కలో పిల్లలమర్రిని నిలబెట్టినవి ఎక్కువగా ఈ మూడే. ఎందుకో తెలియాలంటే ముసలి చెట్టు లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

చెద తప్పెంత?

పెద్ద మానులో ప్రాణమున్న భాగం చాలా తక్కువ. బెరడు కింద పలుచటి పొర ఒకటి ఏటేటా కొత్త కణాలను పుట్టిస్తుంది. ఆ పొరకు బయటివైపు ఆకులు వండిన చక్కెర కిందికి దిగుతుంది, లోపలివైపు వేళ్లు పీల్చిన నీరు పైకి ఎక్కుతుంది. ఇంకా లోపలున్న చేవ చచ్చిపోయిన కర్రే. చెట్టు దాన్ని జిగురుతోనూ రంగుపదార్థాలతోనూ నింపి, పురుగూ బూజూ పట్టకుండా కట్టుదిట్టం చేసుకుంటుంది.

మనిషికి గాయమైతే కొత్త చర్మం వచ్చి మానుతుంది. చెట్టుకు మానడం లేదు, మూసెయ్యడమే ఉంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో 1970లలో వేల దుంగలను నిలువునా కోసి ఈ సంగతి తేల్చాడు. దెబ్బతిన్న కర్ర చుట్టూ చెట్టు రసాయనాలతో గోడలు కట్టి, లోపలి కుళ్లును అక్కడికక్కడే ఆపి, దానిపైన కొత్త కర్ర పెంచుకుంటూ పోతుంది. గోడ గట్టిగా ఉంటే లోపల తొర్ర పడినా చెట్టుకు వచ్చిన ప్రమాదం పెద్దగా లేదు. బోలుగా ఉన్న గొట్టం కూడా బరువు మోస్తుంది. లోపల గుడ్లగూబ కాపురం పెట్టి, పైన కొత్త చిగుళ్లు తొడుగుతున్న చెట్లు మన ఊళ్ల పొలిమేరల్లో ఇప్పటికీ ఉన్నాయి.

చెదలు ఎక్కువగా తినేది ఈ చచ్చిన కర్రనూ, పైన ఎండిన బెరడునూ. మానుమీద మట్టిగూళ్లు కనిపించగానే చెదే చెట్టును చంపుతోందని మనం తీర్మానించేస్తాం. చాలాసార్లు అది హంతకుడు కాదు, శవపంచనామాకు వచ్చినవాడు. చెట్టుకు గోడలు కట్టుకునే శక్తి అంతకుముందే తగ్గిపోయి ఉంటుంది. ఆ శక్తి ఆకుల్లో తయారయ్యే చక్కెర నుంచి రావాలి, ఆకులకు నీళ్లు వేళ్ల నుంచి రావాలి. కాబట్టి ప్రశ్న చివరికి మట్టి దగ్గరికే చేరుతుంది.

చెట్టు ఎంత ఎత్తు ఉంటుందో వేళ్లూ అంత లోతుకు పోతాయని చాలామంది అనుకుంటారు. నీరూ పోషకాలూ పీల్చే సన్నటి పీచువేళ్లలో చాలాభాగం పైమట్టిలో, మూరెడు రెండు మూరల లోతులోనే ఉంటుంది. అడ్డంగా మాత్రం కొమ్మల గొడుగును దాటి చాలా దూరం పోతాయి. మంచి నేలలో దాదాపు సగం ఖాళీయే, మట్టి రేణువుల సందుల్లో గాలీ నీరూ నిండి ఉంటాయి. వేళ్లకూ ఊపిరి కావాలి, ఆ ఆక్సిజన్ అందేది ఆ సందుల నుంచే. రోజూ వేల కాళ్లు తొక్కితే, బండ్లు నిలిపితే, పైన టైల్స్ పరిస్తే సందులు మూసుకుపోతాయి. వాన నీరు లోపలికి దిగదు. పీచువేళ్లు చస్తాయి. ఆ సంగతి పై కొమ్మల చివర్లలో తెలిసేసరికి ఐదేళ్లు పట్టొచ్చు, పదిహేనేళ్లూ పట్టొచ్చు. అప్పటికి నేలను ఎవరు గట్టిచేశారో ఎవరికీ గుర్తుండదు. చెద మాత్రం ఎదురుగా కనిపిస్తుంది, నేరం దానిమీద పడుతుంది.

రాలిన ఆకులది ఇంకో కథ. ఊడ్చి ఒకచోట పోగుచేసి నిప్పు పెట్టడం మనకు శుభ్రత. చెట్టు తన తిండిని తానే నేలమీద పరుచుకుంటుంది, మనం దాన్ని రోజూ కాలుస్తాం.

నేలను అందుకోని ఊడ

మర్రికి చాలా చెట్లకు లేని ఒక సదుపాయం ఉంది. కొమ్మ అడ్డంగా పెరిగేకొద్దీ దాని నుంచి ఊడలు దిగుతాయి. దిగేటప్పుడు దారంలా వేలాడే ఊడ నేలను తాకి వేళ్లూనుకోగానే లావెక్కడం మొదలుపెడుతుంది. పదులేళ్లలో అదే ఒక మాను. కొమ్మకు కింద ఆనుకోవడానికి స్తంభం దొరికింది, నీళ్లు తాగడానికి సొంత దారి దొరికింది. దాంతో కొమ్మ ఇంకా ముందుకు పోతుంది. మర్రి ఎకరాలకు ఎకరాలు విస్తరించేది ఈ లెక్కతోనే.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో ఊహించడం కష్టం కాదు. వేలాడే ఊడ కనిపిస్తే పిల్లలు ఊగుతారు, పెద్దలూ ఊగుతారు. లేత చివర తెగిపోతుంది. తెగకుండా కిందికి వచ్చినా అక్కడ ఉన్నది మట్టి కాదు, సిమెంటు. ఊడ నాటుకోదు. పైన కొమ్మ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, బరువు పెరుగుతూనే ఉంటుంది. ఒకరోజు విరుగుతుంది. విరిగినచోట చెద దొరుకుతుంది. జనం చెదను తిట్టుకుంటారు. కొమ్మమీద పేర్లు చెక్కినవాళ్ల పాపమూ తక్కువ కాదు. కత్తిమొన బెరడు దాటిందంటే చక్కెర దిగే దారి తెగుతుంది, బూజుకు తలుపు తెరుచుకుంటుంది.

అందుకే పిల్లలమర్రిలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని, ఊడలకు గొట్టాలు తొడిగి నేలదాకా దారి చూపడం. సత్యసాయి జిల్లా కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు కూడా అటవీ సిబ్బంది వెదురు బొంగుల్లో మట్టి నింపి ఊడలను నేలకు దించుతారు. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టది. గొడుగు వైశాల్యం 19,107 చదరపు మీటర్లు, అంటే నాలుగు ఎకరాల డెబ్బై సెంట్లకు పైమాటే. అక్కడ దండం పెట్టుకుని, ముడుపు కట్టుకుని వచ్చేవాళ్లలో ఈ వెదురు బొంగులను గమనించేవాళ్లు కొద్దిమందే.

ఊడలు నాటుకుని ఉంటే అసలు మాను పోయినా ఫరవాలేదనడానికి హౌరా శిబ్‌పూర్‌లోని బొటానికల్ గార్డెన్ మర్రి సాక్ష్యం. 1864లోనూ 1867లోనూ వచ్చిన తుఫానులు దాన్ని కుదిపేశాయి. గాయాల్లోంచి శిలీంధ్రం దూరి నడిమానును తినేసింది. 1925లో ఆ మానునంతా కోసి తీసేశారు. మధ్యలో బోసిగా ఉన్న ఆ చోటు చుట్టూ వేల ఊడలమీద చెట్టు ఇప్పటికీ పెరుగుతోంది. 2020లో ఆంఫన్ తుఫాను కొన్ని ఊడలను పెకలించినా చెట్టు నిలిచింది.

దీనివల్లే మర్రి వయసు చెప్పడం ఒక చిక్కు. ఉష్ణమండలంలో పెరిగే చాలా చెట్లకు ఏడాదికొక వలయం స్పష్టంగా పడదు. పైగా మొట్టమొదటి మానే కుళ్లి మాయమైపోతే ఇక లెక్కపెట్టడానికి ఏముంది? మన మర్రిచెట్లకు చెప్పే వందల ఏళ్ల వయసులన్నీ చరిత్రనూ జనం మాటనూ ఆధారం చేసుకున్న అంచనాలే.

కాపాడబోయి చేసిన తప్పు

కాలిఫోర్నియాలో జనరల్ షెర్మన్ అనే సెకోయా ఉంది. ఒక్క మాను ఘనపరిమాణాన్ని బట్టి ప్రపంచంలో అతిపెద్ద చెట్టు అదే, వయసు రెండువేల ఏళ్లు దాటింది. 2021 సెప్టెంబరులో అడవి తగలబడుతూ దగ్గరికి వచ్చినప్పుడు దాని మొదలుకు వేడి తగలని అల్యూమినియం దుప్పటి చుట్టారు. ఆ ఫొటో కూడా ప్రపంచమంతా తిరిగింది, మన సెలైన్ సీసాల్లాగే.

సెకోయాకు నిప్పు శత్రువు కాదు. దాని బెరడు అడుగున్నర, రెండడుగుల మందం. దాని కాయలు వేడికే విచ్చుకుని గింజలు రాలుస్తాయి, బూడిద పడ్డ నేలలోనే అవి బాగా మొలుస్తాయి. కొద్ది ఏళ్లకోసారి చిన్న మంట వచ్చి కిందున్న చెత్తను కాల్చిపోవడం అక్కడ మామూలు, స్థానిక ఆదివాసులు అలాంటి మంటలు తామే పెట్టేవారు కూడా. తర్వాత వచ్చిన ప్రభుత్వం చెట్లను కాపాడాలని వందేళ్లు ప్రతి మంటనూ ఆర్పించింది. ఎండుకర్ర మేటలు వేసింది, దానికి కరువు తోడైంది. 2020లో క్యాజిల్ మంట ఒక్కటే 7,500 నుంచి 10,600 దాకా పెద్ద సెకోయాలను చంపింది. ప్రపంచంలో ఉన్న పెద్ద సెకోయాల్లో ఇది 10 నుంచి 14 శాతం. వేల ఏళ్లు మంటలను తట్టుకున్న చెట్లు మన సంరక్షణను తట్టుకోలేకపోయాయి.

ఆఫ్రికా బావోబాబ్‌ల సంగతి ఇంత తేలికగా చెప్పలేం. రుమేనియాకు చెందిన ఏడ్రియన్ పాట్రుట్ బృందం 2005 నుంచి అరవైకి పైగా పెద్ద బావోబాబ్‌లకు కార్బన్ పద్ధతిలో వయసు కట్టింది. 2018లో వాళ్లు ప్రకటించిన ఫలితం శాస్త్రవేత్తలను కూడా ఉలిక్కిపడేలా చేసింది. అతి పురాతనమైన 13 చెట్లలో 9, అతి పెద్దవైన 6 చెట్లలో 5 ఆ పన్నెండేళ్లలోనే పూర్తిగానో కొంతభాగమో కూలిపోయాయి. వాటిలో జింబాబ్వేలోని పాంకే అనే చెట్టు సుమారు 2,450 ఏళ్లది. తెగులు ఆనవాళ్లు లేవు. పెరుగుతున్న వేడీ కరువూ కారణం కావచ్చని బృందం అనుమానించింది తప్ప రుజువైందని అనలేదు. ఆ జాతి చెట్టే మనకూ ఒకటుంది, గోల్కొండ నయా ఖిల్లాలోని హాథియాఁ ఝాడ్. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిన గింజో మొక్కో అయి ఉండాలి. దాని తొర్రలో పదిమంది కూర్చోవచ్చు.

కరువొస్తే పెద్ద చెట్లే ముందు దెబ్బతింటాయని అడవుల్లో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. నీటిని ఎక్కువ ఎత్తుకు లాగాలి, ఎక్కువ ఎండ మోయాలి. కర్రలోని సన్నటి గొట్టాల్లో నీటి తీగ మధ్యలో తెగి గాలిబుడగ చేరితే ఆ గొట్టం ఇక పనికిరాదు. అలాంటి గొట్టాలు ఎక్కువైతే పైకొమ్మ ఎండుతుంది. చెట్టు చెడే కాలానికి కుక్కమూతి పిందెలు అని మన పెద్దలు ఊరికే అనలేదు, కష్టంలో పడ్డ చెట్టు చావబోయే ముందు వంకర పిందెలు వేయడం తోటల్లో పనిచేసేవాళ్లు చూసే విషయమే.

రోడ్డా చెట్టా అన్న తగాదా

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా సుమారు తొమ్మిదివందల మర్రిచెట్లున్నాయి. నిజాం కాలంలో బాటసారుల నీడకోసం నాటినవని చెబుతారు. రోడ్డును నాలుగు వరుసలు చేయాలనుకోగానే వాటి బతుకు ప్రశ్నార్థకమైంది. నగరంలోని ప్రకృతి ప్రేమికులు ‘చేవెళ్ల మర్రులను కాపాడండి’ అంటూ కదిలారు, ఒక్కో చెట్టునూ లెక్కపెట్టి, ఎక్కడుందో గుర్తించి, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. 2025 అక్టోబరు చివర్లో వ్యవహారం కొలిక్కి వచ్చింది. చాలా చెట్లను ఉన్నచోటే ఉంచుతూ, కొన్నిటిని తవ్వి వేరేచోట నాటుతూ రోడ్డు వేసేలా పథకం మారింది.

ఆ తర్వాత నాలుగు రోజులైనా గడవకముందే, నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఒకటి ఆర్టీసీ బస్సును ఢీకొంది. 19 మంది చనిపోయారు. రోడ్డు వెడల్పు కాకుండా చెట్లకోసం అడ్డుపడ్డవాళ్లే దీనికి కారణమని కోపం కట్టలు తెంచుకుంది. రోజూ ఆ దారిన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లేవాళ్ల కోపాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే ఆ చెట్లను మధ్యలో ఉంచి పక్కన రెండో దారి వేసే పథకమే మొదట గీసి ఉంటే అన్నేళ్ల జాప్యం ఎందుకయ్యేది? కాగితం మీద గీత గీసేవాళ్లకు చెట్టు కనిపించకపోవడంతో మొదలైన తగాదాలో చివరికి చెట్టుకూ మనిషికీ మధ్య పోటీ పెట్టాం.

పెకలించి నాటడం గురించి కూడా ఒక మాట. మర్రి కొమ్మ పాతినా బతికే జాతి కాబట్టి వేపకన్నా చింతకన్నా తేలికగా నిలదొక్కుకుంటుంది. కానీ క్రేన్‌తో లేపే ముందు కొమ్మలన్నీ నరుకుతారు, పీచువేళ్లలో చాలావరకు పాత చోటే ఉండిపోతాయి. కొన్నేళ్లు నీళ్లు పోసి చూసుకుంటే చెట్టు బతుకుతుంది, దాని నీడా తొర్రలూ మాత్రం రావు. అది ప్రాణం కాపాడటం, చెట్టును కాపాడటం కాదు. వేరే దారి లేనప్పుడు చేయాల్సిందే, దారి ఉన్నప్పుడు దాన్ని సాకుగా వాడుకోకూడదు.

ఒక చెట్టు పోతే పది మొక్కలు నాటుతామన్న హామీ ఇంకా సులువుగా వినిపిస్తుంది. తెలంగాణ హరితహారానికి 2015లో పెట్టుకున్న లక్ష్యం 230 కోట్ల మొక్కలు. మొక్కలు నాటడాన్ని కాదనేవాళ్లెవరు? లెక్క మాత్రం అలా కుదరదు. ప్రపంచంలోని 48 పెద్ద అడవి క్షేత్రాలను కొలిస్తే, అతిపెద్ద ఒక్కశాతం చెట్లలోనే కర్ర బరువులో సగం ఉందని 2018లో తేలింది. ముసలి చెట్టు ఎదగడం మానేస్తుందన్నదీ అపోహే. 2014లో 403 జాతులకు చెందిన 6,73,046 చెట్ల కొలతలు తీసి చూస్తే, చాలా జాతుల్లో చెట్టు పెద్దదయ్యేకొద్దీ ఏటా కూడబెట్టే కర్ర పెరుగుతూనే ఉంది. చుట్టుపక్కల సగటు చెట్టుకన్నా పది ఇరవై రెట్లు ఎక్కువ బతికే చెట్లు అడవిలో నూటికి ఒకటి కూడా ఉండవని 2022లో మరో అధ్యయనం లెక్కగట్టింది. వాటిని నాటి తయారుచేయలేం, మనకన్నా ముందువాళ్లు వదిలిపెట్టినవాటిని మనమూ వదిలిపెట్టాలి, అంతే.

మర్రి విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. దాని పళ్లలోకి దూరి పరాగం చేర్చే చిన్న కందిరీగ ఒకటుంది. అది కొద్దిరోజులే బతుకుతుంది కాబట్టి చుట్టుపక్కల ఏదో ఒక మర్రి ఎప్పుడూ కాపులో ఉండాలి. అన్ని చెట్లూ ఎండిన కాలంలో కోకిలలకూ గోరువంకలకూ గబ్బిలాలకూ దొరికే తిండి అదే. వరుసలో సగం చెట్లు పోతే మిగిలిన సగానికీ ఇబ్బందే.

హర్యానా ప్రభుత్వం ఈ విషయంలో ఒక తమాషా పని చేసింది. 75 ఏళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి 2,500 రూపాయలతో పింఛను మొదలుపెట్టింది. చెట్టు ఎవరి స్థలంలో ఉంటే వాళ్ల ఖాతాలో డబ్బు పడుతుంది. వినగానే నవ్వొచ్చినా నాకిది తెలివైన ఆలోచనే అనిపిస్తుంది. పొలం గట్టున ముసలి చెట్టు ఉంచుకోవడం ఇప్పటిదాకా రైతుకు ఖర్చే, ఎవరో ఒకరు దానికి వాటా పెట్టాలి కదా.

హవాయిలోని లాహైనా పట్టణంలో 1873లో నాటిన మర్రి ఒకటుంది, మొక్కగా అక్కడికి వెళ్లింది మన దేశం నుంచే. 2023 ఆగస్టు మంటల్లో పట్టణం బూడిదైంది, వంద మందికి పైగా చనిపోయారు, మర్రి మాడిపోయి నిలబడింది. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు సైతం చెట్టు ఎలా ఉందని అడిగారు. చెట్ల వైద్యులు వచ్చి సీసాలు కట్టలేదు. గట్టిపడ్డ మట్టిని గుల్లచేశారు, కంపోస్టు వేశారు, ట్యాంకర్లతో నీళ్లు పట్టారు. కొన్ని వారాలకు చిగుళ్లు వచ్చాయి. కొన్ని కొమ్మలు పోయాయి, మిగతా చెట్టు బతికింది.

మీ ఊరి రావికో మర్రికో చుట్టూ సిమెంటు దిమ్మె కట్టిద్దామని ఎవరైనా చందా పుస్తకం పట్టుకుని వస్తే, చందా ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి. కూర్చోవడానికి బల్లలు కొంచెం ఎడంగా వేసుకుందాం, మొదలు చుట్టూ నాలుగు బారల మేర మట్టిని మట్టిగానే వదిలేద్దాం అనండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఒక వైపైనా పగలగొట్టించండి. ఊడలు దిగే చోట బండ్లు పెట్టొద్దనండి, రాలిన ఆకులను కాల్చొద్దనండి. ఆ పుస్తకంలోని డబ్బులో పావువంతు కూడా దీనికి ఖర్చు కాదు.